మ్యూటినీర్ అంటే ఎవరు? ‘తిరుగుబాటుదారు’ అంటే సరిపోతుందా?

మీ ప్రశ్న ఇది: నిఘంటువులో మ్యూటినీర్‌కీ, రెబల్‌కీ ‘తిరుగుబాటుదారు’ అనే ఒకే అర్థం ఉంది. రెండూ ఒకటేనా? సిపాయిలో నావికులో ఎదురు తిరిగిన సందర్భాన్ని తెలుగులో ఏమని రాయాలి?

ఒకటి కాదు. తెలుగులో రెంటికీ ఒకే మాట స్థిరపడిపోవడం వల్ల తేడా కనబడకుండా పోయింది. పత్రిక డెస్క్ మీద ఏజెన్సీ వార్తలు తెలుగు చేస్తూ ఈ మాటతో చాలాకాలం కుస్తీ పట్టినవాడిని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

అల్లూరి సీతారామరాజు రెబల్. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్ళాడు, తెల్లదొరలతో రెండేళ్ళు పోరాడాడు. అయినా ఆయన్ని మ్యూటినీర్ అనకూడదు. ఆయన వాళ్ళ కొలువులో ఎన్నడూ లేడు, వాళ్ళ జీతం తీసుకోలేదు, ఫలానా అధికారి మాట జవదాటనని ప్రమాణం చేయలేదు. లేని కట్టుబాటుని తెంచుకోవడం కుదరదు కదా. 1857లో మీరట్‌లో గుర్రపు దళం సిపాయిలు 85 మంది తమకిచ్చిన తూటాలు ముట్టుకోబోమని భీష్మించుకున్నారు. వాళ్ళు మ్యూటినీర్లు. అప్పటికి వాళ్ళు ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు, ఒక్క తుపాకీ పేల్చలేదు. మే 9న కవాతు మైదానంలో అందరూ చూస్తుండగా కాళ్ళకి సంకెళ్ళు బిగించి జైలుకి పంపారు. మర్నాడు తోటివాళ్ళు జైలు బద్దలుకొట్టి ఢిల్లీ దారి పట్టడంతో కథ వేరే మలుపు తిరిగింది. కానీ ‘మ్యూటినీ’ అనదగ్గది అంతకుముందే, ఏప్రిల్‌లో తూటా వద్దన్న రోజే జరిగిపోయింది.

అంటే ఈ మాట హింస మీద ఆధారపడింది కాదు. ఆ మనిషి ముందే ఒక క్రమశిక్షణకి లోబడి ఉండాలి, సైన్యమో నౌకాదళమో కనీసం వర్తక నౌకో, ఎక్కడైనా సరే. తన పైన ఉన్న అధికారాన్నే కాదనాలి. పైగా ఒంటరిగా కాకుండా తోటివాళ్ళతో కూడబలుక్కుని కాదనాలి. చాలామంది మరిచిపోయేది ఈ చివరిదే. మన నౌకాదళ చట్టం, 1957 ఈ నేరాన్ని నిర్వచిస్తూ ‘ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది’ అని స్పష్టంగా చెబుతుంది. ఒక్కడే మొండికేస్తే అది ఆజ్ఞాధిక్కారం. దానికి వేరే సెక్షను, వేరే శిక్ష.

మరి మంగళ్ పాండే? 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో తుపాకీ పట్టుకుని బయటికొచ్చింది ఆయనొక్కడే కదా అని మీకు సందేహం రావచ్చు. ఆయన మీద మోపిన అభియోగం చూస్తే విషయం తెలుస్తుంది. అధికారుల మీద దాడి చేయడం ఒక నేరం. తోటి సిపాయిలని తనకి తోడు రమ్మని రెచ్చగొట్టడం మరొకటి, దానికే మ్యూటినీ అని పేరు పెట్టారు. ఏప్రిల్ 8న ఉరి తీశారు. ఆ పూట కాపలా దళానికి పెద్దగా ఉన్న జమేదారు ఈశ్వరీ ప్రసాద్‌ని కూడా అదే నెలలో ఉరి తీశారు. ఆయన చేసిందల్లా పాండేని పట్టుకోమని తన మనుషులకి చెప్పకపోవడం.

ఈశ్వరీ ప్రసాద్ సంగతి విచిత్రంగా అనిపిస్తుందేమో గానీ, ఆ సూత్రం ఈనాటికీ చట్టంలో ఉంది. 1950 నాటి సైనిక చట్టం 37వ సెక్షను తీసి చూడండి. మొదలుపెట్టినవాడు, చేరినవాడు సరే. అక్కడే ఉండి అణచడానికి శాయశక్తులా ప్రయత్నించనివాడు, జరగబోతోందని తెలిసి పైఅధికారికి వెంటనే చెప్పనివాడు కూడా దోషులే. వీళ్ళందరికీ మరణశిక్ష దాకా వేయొచ్చు. తమాషా ఏమిటంటే, ఇన్ని చెప్పిన ఆ చట్టం అసలు మ్యూటినీ అంటే ఏమిటో నిర్వచించదు. నిర్వచనం కావాలంటే నౌకాదళం వాళ్ళ చట్టం దగ్గరికే వెళ్ళాలి. సైన్యంలో లేని పౌరుడు బయటినుంచి సిపాయిలని ఎగదోస్తే అది భారతీయ న్యాయ సంహిత 159వ సెక్షను కిందికి వస్తుంది. పాత ఐపీసీలో అది 131. అలా ఎగదోసినవాడు నేరస్థుడే గానీ మ్యూటినీర్ కాడు.

‘ఊరికే నిలబడినవాడు’ మ్యూటినీరేనా అన్న తగువు నావికుల చరిత్రలో ఇంకా బాగా కనబడుతుంది. అందరికీ తెలిసింది బ్రిటిష్ నౌకాదళపు బౌంటీ ఓడ. 1789 ఏప్రిల్ 28 తెల్లవారుజామున, దక్షిణ పసిఫిక్‌లో టోంగా దీవుల దగ్గర ఫ్లెచర్ క్రిస్టియన్ అనే అధికారి కొందరిని కూడగట్టి కెప్టెన్ బ్లైని నిద్రలోనే పట్టుకున్నాడు. 23 అడుగుల పడవలో బ్లైని, ఆయన పక్షాన నిలిచిన మరో 18 మందిని ఎక్కించి సముద్రంలో వదిలేశారు. నీళ్ళు అంచు దాకా వచ్చేశాయి, ఇంకొక్క మనిషికి చోటు లేదు. దాంతో కెప్టెన్ వెంట పోదామనుకున్నవాళ్ళు కూడా కొందరు ఓడలోనే ఉండిపోవాల్సి వచ్చింది. మరి ఓడలో మిగిలినవాళ్ళంతా మ్యూటినీర్లేనా? తర్వాత దొరికినవాళ్ళలో పదిమందిని 1792లో పోర్ట్స్‌మత్‌లో కోర్టు మార్షల్ చేశారు. నలుగురిని వదిలేశారు, వాళ్ళలో ఒకడు చూపు సరిగా ఆనని ఫిడేలు వాయించేవాడు. ఆరుగురికి శిక్ష పడింది, చివరికి ముగ్గుర్ని ఉరి తీశారు. పీటర్ హేవుడ్ అనే కుర్రాడు ఆయుధం పట్టినట్టు గట్టి సాక్ష్యం లేకపోయినా, కెప్టెన్ పక్షం వహించలేదన్న కారణంగా దోషి అయ్యాడు. రాజుగారి క్షమాభిక్షతో బయటపడి, ఆ తర్వాత అదే నౌకాదళంలో కెప్టెన్ స్థాయికి ఎదిగాడు. కాబట్టి బౌంటీ గురించి రాసేటప్పుడు ‘తిరగబడ్డ నావికులు’ అన్నదాన్ని ఓడలో మిగిలిన అందరికీ అంటగట్టకండి.

రెబల్‌కీ మ్యూటినీర్‌కీ తేడా చూపడానికి నాకు నచ్చే ఉదాహరణ 1797లో ఇంగ్లండ్ తీరంలోని స్పిట్‌హెడ్ లంగరు చోటులో జరిగింది. బ్రిటిష్ నావికుల జీతం వందేళ్ళకు పైగా పెరగలేదు. ఆ ఏప్రిల్‌లో ఇంగ్లిష్ ఛానల్‌ని కాచే నౌకాదళం మొత్తం లంగరు ఎత్తేది లేదని కూర్చుంది. ఓడకి ఇద్దరు చొప్పున ప్రతినిధుల్ని ఎన్నుకున్నారు, జీతం పెంచమన్నారు, తిండి బాగుచేయమన్నారు. ఫ్రెంచివాళ్ళు వస్తే మాత్రం వెంటనే బయల్దేరి పోరాడతామన్నారు. రాజు మీద భక్తి తగ్గలేదు, దేశం మీద కోపం లేదు. చట్టం దృష్టిలో మాత్రం శుద్ధ మ్యూటినీర్లు. జీతం పెరిగింది, క్షమాభిక్ష వచ్చింది, పనిలోకి దిగారు. వీళ్ళని తెలుగులో ‘తిరుగుబాటుదారులు’ అంటే చదివేవాడి మనసులో రాజుని దించేయడానికి వచ్చినవాళ్ళ బొమ్మ కడుతుంది. అదే ఏడాది థేమ్స్ నది ముఖద్వారంలోని నోర్ దగ్గర మొదలైంది ఇంకో దారి తొక్కింది. లండన్‌కి వెళ్ళే ఓడల్ని ఆపేదాకా పోయింది, నాయకుడు రిచర్డ్ పార్కర్‌ని జూన్ 30న ఉరి తీశారు.

ఈ మాటకి సరిహద్దు ఎక్కడుందో తెలుసుకోవాలంటే పోర్ట్ షికాగో కేసు చదవాలి. నా ఉద్దేశంలో ఇంతకంటే మంచి పాఠం లేదు. 1944 జులై 17న కాలిఫోర్నియాలోని ఆ రేవులో ఓడలోకి బాంబులు ఎక్కిస్తుండగా భారీ పేలుడు జరిగి 320 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి నావికులు, ఎందుకంటే అక్కడ బాంబులు మోసే పని వాళ్ళకే అప్పజెప్పారు. సరైన శిక్షణ లేదు. బతికి బయటపడ్డవాళ్ళని మూడు వారాలు దాటగానే మరో రేవులో మళ్ళీ అదే పనికి పంపారు. ఆగస్టు 9న వరసగా కవాతు చేయించుకుంటూ తీసుకెళుతున్నారు. ఒక కూడలి దగ్గర ‘ఎడమకి తిరుగు’ అని ఆజ్ఞ పడింది. ఎడమకి తిరిగితే బాంబుల రేవు. వరస అక్కడే ఆగిపోయింది. ఎవరూ అరవలేదు, అధికారిని ఎవరూ తోయలేదు. వేరే పని ఏది చెప్పినా చేస్తాం, ఇది మాత్రం చేయలేమన్నారు.

అలా కాదన్న 258 మందిలో 208 మందిని ఆజ్ఞాధిక్కారం కింద చిన్న కోర్టుల్లో విచారించారు. మిగిలిన 50 మంది మీద మ్యూటినీ కేసు పెట్టారు. వాళ్ళ తరఫు వాదన ఏమిటంటే: వీళ్ళు అధికారాన్ని కూలదోయాలనుకోలేదు, చేజిక్కించుకోవాలనుకోలేదు, కుట్ర చేయలేదు, భయపడ్డారు, ఎవరికి వారు మొరాయించారు, కాబట్టి ఇది ఆజ్ఞాధిక్కారం అవుతుందే తప్ప మ్యూటినీ కాదు. ప్రాసిక్యూషను మాత్రం, అంతమంది కలిసి ఒకే ఆజ్ఞని కాదన్నారంటే అదే మ్యూటినీ అంది. 50 మందికీ తొలుత 15 ఏళ్ళ శిక్ష పడింది. తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన థర్గుడ్ మార్షల్ ఆ రోజుల్లో వాళ్ళ పక్షాన అప్పీలు నడిపారు. యుద్ధం ముగిశాక, 1946లో చాలామందిని విడిచిపెట్టారు గానీ ‘మ్యూటినీర్’ అన్న ముద్ర మాత్రం పోలేదు. సరిగ్గా 80 ఏళ్ళకి, 2024 జులై 17న అమెరికా నౌకాదళం ఆ శిక్షలన్నీ కొట్టేసి వాళ్ళని నిర్దోషులుగా ప్రకటించింది. అప్పటికి వాళ్ళెవరూ బతికి లేరు. ఒక్క మాట కింద మనుషుల్ని చేర్చాలా వద్దా అన్నది ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అనువాదంలో మనం ‘తిరుగుబాటు చేసిన నావికులు’ అని తేలిగ్గా రాసేస్తే ఆ కేసులో అసలు తగువే మాయమైపోతుంది.

అమిస్టాడ్ కథ కూడా చూడండి. 1839లో క్యూబా తీరంలో ఆ ఓడలో బానిసలుగా తరలిస్తున్న ఆఫ్రికన్లు తిరగబడి కెప్టెన్‌ని చంపారు. దాన్నీ మ్యూటినీ అనడం మామూలే. నాకు ఆ వాడుక ఒప్పుకోబుద్ధి కాదు. వాళ్ళు ఆ ఓడ సిబ్బంది కారు, ఎత్తుకొచ్చిన మనుషులు. కెప్టెన్ మాట వినాల్సిన బాధ్యతే వాళ్ళకి లేదు. అమెరికా సుప్రీంకోర్టు 1841లో వాళ్ళు స్వతంత్రులేనని తీర్పు ఇచ్చింది. అలాంటిచోట ‘బందీల తిరుగుబాటు’ అంటే చాలు.

ఇక తెలుగు మాటల సంగతి.

‘సిపాయిల తిరుగుబాటు’ మనకి బాగా అలవాటైన పేరు. అందులో ‘సిపాయిల’ అన్న ముక్కే అసలు పని చేస్తోంది. ఎవరు తిరగబడ్డారో అది చెప్పేస్తోంది కాబట్టి తిరుగుబాటు అన్న పెద్ద మాట దారి తప్పదు. నా సలహా కూడా ఇదే: మ్యూటినీర్‌కి ఒక్క పదం వెతుక్కోవద్దు. ‘తిరగబడ్డ సిపాయిలు’, ‘ఎదురు తిరిగిన నావికులు’, ‘ఆజ్ఞ పాటించబోమన్న దళం’ అని రాయండి. రెండు మాటలైతే అయ్యాయి, అర్థం స్పష్టంగా ఉంటుంది. కోర్టు సందర్భమైతే ‘మ్యూటినీ’ అనే తెలుగు లిపిలో రాసి, మొదటిసారి వచ్చినచోట ‘అధికారుల మీద సామూహిక ధిక్కారం’ అని ఒక వివరణ ఇవ్వండి.

పాత తెలుగులో దీనికి చక్కటి మాట ‘పితూరీ’ ఉండేది. సిపాయి పితూరీ అన్నారు, మన్యంలో 1879 నాటిది రంప పితూరీ. ఆ మాట నాకు ఇష్టం. కానీ ఇప్పుడు వాడితే ప్రమాదమే. ‘వాడు నా మీద పితూరీలు చెప్పాడు’ అంటే చాడీలు చెప్పాడని అర్థమవుతోంది గానీ తుపాకీ ఎత్తాడని కాదు. పైగా అప్పట్లో కూడా అది రైతులదైనా గిరిజనులదైనా సిపాయిలదైనా అన్నింటికీ చెల్లేది, సైనికులకే ప్రత్యేకం కాదు. చరిత్ర రాసేటప్పుడు ఆ పేరు అలాగే ఉంచండి, కొత్త సంఘటనలకి మాత్రం తగిలించకండి.

హిందీ నుంచి అనువదించేవాళ్ళు పడే గోతి ‘విద్రోహం’. అక్కడ విద్రోహ్ అంటే తిరుగుబాటు, విద్రోహీ అంటే తిరుగుబాటుదారు. తెలుగులో విద్రోహి అనగానే ద్రోహం గుర్తొస్తుంది. మన పోలీసు ప్రకటనల్లో ‘సంఘ విద్రోహ శక్తులు’ అంటే ఏమిటో మీకు తెలుసు. ‘సైనిక విద్రోహులు’ అని రాస్తే మీరు వార్త చెప్పడం మానేసి తీర్పు చెప్పినట్టే. ఉర్దూ ‘గదర్’ 1857కి ఉత్తరాదిలో మామూలు పేరు. 1913లో అమెరికాలో పుట్టిన గదర్ పార్టీ ఆ పేరు పెట్టుకున్నది ఊరికే కాదు. దేశంలోని సైనిక దళాలని తిరగబడేలా చేయాలన్నది 1915లో వాళ్ళ పథకం.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం చేసేది ‘సైనిక తిరుగుబాటు’. ఇంగ్లీషు ‘కూ’ (coup, అంటే సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కడం) అన్న మాటకి మన పత్రికలు ఇదే వాడతాయి. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో ఏమైంది? సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్ స్వయంగా ప్రభుత్వాన్ని కూలదోసి అధికారం తీసుకున్నాడు. సైనికులు పైవాళ్ళ ఆజ్ఞ తు.చ. తప్పకుండా పాటించారు. అక్కడ మ్యూటినీ ఆనవాలే లేదు. అయినా తెలుగులో ‘మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు’ అనే చదువుకున్నాం. 2009 ఫిబ్రవరి 25న ఢాకాలో బంగ్లాదేశ్ రైఫిల్స్ జవాన్లు తమ అధికారుల మీదే తిరగబడి 57 మంది సైనికాధికారుల్ని చంపారు. అది అచ్చమైన మ్యూటినీ. అక్కడ ప్రభుత్వాన్ని ఎవరూ దించలేదు. దీన్నీ అదే పేరుతో పిలిస్తే పాఠకుడు ఏది ఏదని తేల్చుకోవాలి? నేనైతే మొదటిదాన్ని ‘సైన్యం అధికారం హస్తగతం చేసుకుంది’ అనో ‘సైనిక కుట్ర’ అనో అంటాను. రెండోదాన్ని ‘జవాన్ల తిరుగుబాటు’ అంటాను. ఒకటి రెండోదిగా మారడమూ ఉంది: 2012 మార్చిలో ఆఫ్రికా దేశం మాలిలో, కాటి శిబిరంలో సైనికులు తమ నాయకత్వం మీద కోపంతో మొదలుపెట్టింది ఒకట్రెండు రోజుల్లోనే దేశాధ్యక్షుణ్ణి దించేసేదాకా వెళ్ళింది. అలాంటప్పుడు ఏ ఘట్టంలో ఏ మాట వాడాలో రాసేవాడు చూసుకోవాలి.

హైదరాబాదు 1857లోనూ ఈ తేడా పనికొస్తుంది. ఢిల్లీ వైపు నడవమంటే కాదని, దళం వదిలి నగరానికి వచ్చిన జమేదారు చీదా ఖాన్ మ్యూటినీర్. పట్టుబడ్డ ఆయన్ని విడిపించమంటూ జులై 17న బ్రిటిష్ రెసిడెన్సీ మీద పడ్డ తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్, వాళ్ళ వెంట వచ్చిన రోహిల్లా పఠాన్లు, నగర జనం తిరుగుబాటుదారులు. ఒకే ఘటనలో రెండు మాటలకీ పని ఉంది.

ఇంకో చిక్కు: తిరగబడినవాళ్ళు తమని తాము ఏమనుకున్నారు? 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో నావికులు నాసిరకం తిండి మీద, కమాండర్ నోటి దురుసుతనం మీద మండిపడి పని ఆపేశారు. ఎన్నుకున్న సంఘానికి వాళ్ళు పెట్టుకున్న పేరు నావికాదళ కేంద్ర సమ్మె సంఘం. ఓడల మీద బ్రిటిష్ జెండా దించి కాంగ్రెస్, ముస్లిం లీగ్, ఎర్ర జెండాలు మూడూ ఎగరేశారు. కరాచీ దాకా పాకింది, పటేల్, జిన్నా చెప్పాక 23న లొంగిపోయారు. సర్కారు మ్యూటినీ అంది, వాళ్ళు సమ్మె అన్నారు, తర్వాతి తరాలు స్వాతంత్ర్య పోరాటంలో భాగం అన్నాయి. మూడూ అబద్ధం కాదు. సైనికుడికి సమ్మె హక్కు లేదు కాబట్టి సైన్యంలో సమ్మెకి చట్టం పెట్టే పేరే మ్యూటినీ. పెషావర్‌లో 1930 ఏప్రిల్ 23న నిరాయుధ జనం మీద కాల్పులు జరపబోమన్న చంద్ర సింగ్ గఢ్వాలీ, ఆయన తోటి సిపాయిలు కూడా చట్టం లెక్కలో ఈ బాపతే. ఆయనకి యావజ్జీవం వేశారు. అలాంటిచోట నేను ‘కాల్పులకి నిరాకరించిన గఢ్వాలీ సిపాయిలు’ అని జరిగింది జరిగినట్టు రాస్తాను, బిరుదు జోలికి పోను.

ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళని మ్యూటినీర్లు అనొచ్చా అని కొందరు అడుగుతుంటారు. 1945 నవంబరులో ఎర్రకోటలో షానవాజ్, సహగల్, ధిల్లాన్‌ల మీద మోపిన ముఖ్యమైన అభియోగం బ్రిటిష్ చక్రవర్తి మీద యుద్ధం చేయడం, మ్యూటినీ కాదు. పట్టుబడి, పక్షం మారి, వేరే సైన్యంలో చేరడం వేరే కథ. దళం వదిలి పారిపోయినవాడు కూడా మ్యూటినీర్ కాడు, వాడు డెజర్టర్, తెలుగులో ‘పారిపోయిన సిపాయి’.

సైన్యం బయట ఈ మాటని అలంకారంగా వాడతారు, జట్టు కెప్టెన్ మీద ఆటగాళ్ళు, పార్టీ నాయకుడి మీద ఎమ్మెల్యేలు ఎదురు తిరిగినప్పుడు. దానికి తెలుగులో వెతుకులాటే అక్కర్లేదు. ‘తిరుగుబాటు జెండా ఎగరేశారు’ అని ఎప్పటినుంచో అంటున్నాం, మనిషికైతే ‘అసమ్మతి నేత’, ‘రెబల్ అభ్యర్థి’ ఉన్నాయి. అక్కడ మ్యూటినీర్ అని లిప్యంతరం చేస్తే ఎవరికీ ఎక్కదు.

మీరు అనువదిస్తున్నది ఏ ఘటన గురించో, ఆ వాక్యం ఏమిటో పెడితే దానికి తగిన మాట చెప్పగలను.